అంపైర్ లేని ఆట

లింబాద్రి సార్ ఆర్మూర్‌లో ఒకే ప్రైవేటు బడిలో ఇరవై రెండేళ్లు పీఈటీగా పనిచేశాడు. అక్కడ చదివి మస్కట్‌కో దుబాయ్‌కో వెళ్లినవాళ్లు సెలవు మీద వచ్చినప్పుడు, మిగతా టీచర్లు ఎదురైతే తల ఊపి పోయేవాళ్లు, లింబాద్రి కనపడితే మాత్రం బండి ఆపి దిగేవాళ్లు. ఒకప్పుడు జిల్లా జట్టులో వాలీబాల్ ఆడిన మనిషి. గొంతు ఎంత పెద్దదంటే విజిల్ మెడలో వేలాడేదే తప్ప ఊదే పని పడేది కాదు. ఆ గొంతుకు పిల్లలు వణికేవారు. అది క్రమశిక్షణ అని ఆయన అనుకునేవాడు.

కిందటేడు మార్చి మొదటివారం. ఇంకా ఒంటిపూట బళ్లు మొదలుకాలేదు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలు లైను సరిగ్గా కట్టలేదని గ్రౌండు చుట్టూ ఆరు రౌండ్లు ఉరకమన్నాడు. ఊరినానుకుని ఉన్న సిద్ధులగుట్ట బండల మీద నుంచి వచ్చే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. మూడో రౌండులో నందిని అనే అమ్మాయి ఆయన దగ్గర ఆగి, నీళ్లు తాగి వస్తానని అడిగింది. అయిపోయినంక తాగుదువులే పో అన్నాడు. ఐదో రౌండులో ఆ పిల్ల వాలీబాల్ స్తంభం దగ్గర కూలిపోయింది. బడి నడిపే కరస్పాండెంట్ కారులోనే దవాఖానకు తీసుకెళ్లారు. తెచ్చేసరికే ప్రాణం లేదని డాక్టర్ చెప్పాడు.

ఆ సాయంత్రం కరస్పాండెంట్ తన గదిలో ఒక కాగితం ముందు పెట్టాడు. ఇంటర్వెల్‌లో పిల్లలు తమంతట తామే పందెం పెట్టుకుని ఉరికారని, పీఈటీ అప్పుడు స్టాఫ్ రూములో ఉన్నాడని అందులో ఉంది. బడి మూతపడితే నాలుగు వందల మంది పిల్లలు ఏమైపోవాలి అని కరస్పాండెంట్ అడిగాడు. లింబాద్రి సంతకం పెట్టింది ఆ నాలుగు వందల మంది కోసం కాదు. జైలుకు భయపడి పెట్టాడు. మరునాడు కరస్పాండెంట్ స్వయంగా క్లాసులోకి వెళ్లి, ఎవరడిగినా ఏం చెప్పాలో మిగిలిన ముప్పై ఒక్క మందికీ చెప్పి వచ్చాడు. పిల్లలు అలాగే చెప్పారు. నందిని తండ్రి రాజేశ్ మస్కట్ నుంచి వచ్చి పది రోజులుండి, పిల్లను అదుపులో పెట్టుకోలేదని భార్యనే నాలుగు మాటలని వెళ్లిపోయాడు.

కొత్త విద్యా సంవత్సరంలో బడిలో పరుగు పందేలు బంద్. కబడ్డీ బంద్. తల్లిదండ్రులకు భయం లేని ఆట ఏదైనా చూడమన్నారు. ఎవరో చెబితే కరస్పాండెంట్ పది ఫ్రిస్బీలు, అంటే విసిరి పట్టుకునే ప్లాస్టిక్ బిళ్లలు, తెప్పించాడు. లింబాద్రి జన్మలో వాటిని పట్టుకున్నవాడు కాదు. ఫోనులో వీడియోలు చూసి, ఇంటి డాబా మీద గోడకేసి విసిరి విసిరి నేర్చుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆ టపటప చప్పుడు వింటూ ఆయన భార్య జ్యోతిలక్ష్మి కుట్టుమిషను తొక్కేది.

పిల్లలు దాన్ని పళ్లెం అన్నారు. బొటనవేలు పైన, నాలుగు వేళ్లు కింద అంచుకు ముడిచి పట్టుకోవాలని చూపించాడు. విసరాల్సిన వైపు భుజం తిప్పి నిలబడమన్నాడు. భుజబలంతో విసిరితే గాల్లో అడ్డం తిరిగి పడుతుంది, మణికట్టు ఒక్కటి ఝాడించాలి. మొదటి వారం సగం పళ్లాలు కాంపౌండు గోడ దాటి రోడ్డు మీద పడ్డాయి. రెండో వారం నుంచి ఎదురెదురుగా జతలు కట్టించాడు. ఒక అరచేయి పైన, ఒకటి కింద, చప్పట్లు కొట్టినట్టు పట్టాలి. పళ్లెం చేతిలో ఉన్నవాళ్లు ఉరకకూడదు, ఒక కాలు నేలకు పాతినట్టుంచి రెండో కాలు మాత్రమే కదుపుతూ తిరగాలి. ఎదుటివాళ్లు పది లెక్కపెట్టేలోపు విసిరెయ్యాలి. కింద పడితే అవతలి జట్టుది. చివరి గీత అవతల, కాలు గీతకు తగలకుండా పట్టుకుంటే పాయింటు. నెమ్మదిగా ఆయన గొంతు తగ్గింది. ప్రతి పది నిమిషాలకు ఆపి అందరితో నీళ్లు తాగించేవాడు. తాగనివాళ్ల దగ్గరికి వెళ్లి, తాగేదాకా నిలబడేవాడు. ఎందుకో పిల్లలకు తెలుసు.

అన్నిటికన్నా కష్టమైంది ఒక్కటే. ఈ ఆటకు అంపైర్ లేడు. తప్పు చేసినవాళ్లే చెప్పుకోవాలి. వీడియోలో ఆ మాట విన్న రోజు లింబాద్రి ఫోను పక్కన పెట్టేశాడు. మొదట్లో తానే విజిల్ ఊది తప్పులు పట్టాడు. తొమ్మిదో తరగతికి వచ్చిన ఆ పిల్లలకూ ఇళ్లల్లో ఫోన్లున్నాయి. గిట్ల కాదు సార్, మనంతట మనమే చెప్పాల్నంట అన్నారు. సరే కానీయండన్నాడు.

ఈ ఏడాది మార్చి మూడోవారం, పొద్దున పీరియడ్‌లో రెండు జట్లు ఆడుతున్నాయి. చెరో నాలుగు పాయింట్లు. ఇంకొకటి ఎవరు కొడితే వాళ్లది. పూజిత ఎగిరి పళ్లెం అందుకుంది. ఎనిమిదిలో నందిని పక్కన అదే బెంచీలో కూర్చునే పిల్ల ఆమె. జట్టంతా అరుస్తుంటే పూజిత పళ్లెం నేల మీద పెట్టింది.

"నా కాలు గీత మీద పడ్డది. పాయింటు కాదు."

చిన్ను అనే పిల్లవాడికి కోపమొచ్చింది. "ఎవ్వలు చూడలే గద. సార్ సుత చూడలే. ఎందుకు చెప్తవు?"

అందరూ లింబాద్రి వైపు చూశారు. ఆ చూపుల్లో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. తగువు తీర్చమని ఏ సార్‌నైనా చూసినట్టే చూశారు. పూజిత చేసిందే మంచిది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఆయన నోట్లోంచి రాలేదు. ముప్పై ఒక్క జతల కళ్లు. ఏడాదిగా ఒక్కరూ బయట నోరు విప్పలేదు, కానీ ఆ రోజు తానెక్కడ నిలబడ్డాడో అందరూ చూశారు. ఇంకా పావుగంట ఉండగానే క్లాసుకు పోండ్రి అన్నాడు.

మూడు రోజులు సెలవు పెట్టాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోతుంటే జ్యోతిలక్ష్మి నిలదీసింది. అప్పటిదాకా ఆమెకూ ఆయన చెప్పింది కాగితంలోని కథే. అసలు సంగతి చెప్పి, నందిని తల్లికి కూడా చెప్పేస్తానన్నాడు. ఆమె మిషను మీది బట్ట మడిచి పక్కన పెట్టింది.

"చెప్తే నీ కడుపుల మంట సల్లారుతది. గా తల్లికేమొస్తది?"

అయినా వెళ్లాడు.

నందిని తల్లి కనకవ్వ పసుపు గోదాములో పని చేస్తుంది. కుప్ప ముందు ఆడవాళ్లు వరుసగా కూర్చుని పొడుగాటి కొమ్ములొక పక్కకు, గుండ్రటి గోళలొక పక్కకు ఏరుతున్నారు. మోచేతుల దాకా పసుపు. సార్‌ను చూసి కనకవ్వ లేచి పక్కకు వచ్చింది, గోనెసంచి దులిపి పరిచింది. కూసోండ్రి సారు అంది. ఆయన కూర్చోలేదు.

"చెల్లె, నందిని దానంతట అది ఉరకలే. నేనే ఉరికించిన. ఆరు రౌండ్లు. కాయితం మీద అబద్ధం రాసిన."

కనకవ్వ చేతిలో ఇంకా రెండు కొమ్ములున్నాయి. వాటినే చూస్తూ అడిగింది.

"నీళ్లు అడిగిందా?"

"అడిగింది."

"ఇయ్యలేవా?"

"ఇయ్యలే."

"దాని సంచిల సీసా నిండుగనే ఇంటికొచ్చింది. గంత ఉరికిన పోరి నీళ్లెందుకు తాగలేదని ఏడాది సంది అనుకుంటున్న." కనకవ్వ గొంతు పెరగలేదు. "దాన్నే తిట్టిన సారు. మాట ఇనని పోరి, చెప్పకుండ ఉరికి సచ్చిందని రోజు తిట్టిన. మొన్న సంవత్సరీకం నాడు సుత తిట్టిన. దానికిష్టమైంది ఒక్కటి వండి పెట్టలే."

కుప్ప దగ్గర ఆడవాళ్లు ఏరడం ఆపేశారు. కనకవ్వ పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన గేటు దాటేసరికి లోపలి నుంచి ఏడుపు వినిపించింది. ఆగి వెనక్కి చూసే ధైర్యం లేకపోయింది.

ఆ వారంలోనే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి జరిగింది రాసిచ్చాడు. మేనేజ్‌మెంటును పీఈటీ మోసం చేశాడని బడి వాళ్లు ఇంకో కాగితం రాసిచ్చారు. కేసు ఆయన ఒక్కడి మీదే నమోదైంది. కరస్పాండెంట్ పేరు ఎక్కడా రాలేదు. మా పిల్లలను కోర్టుకు గుంజొద్దని ఊళ్లోవాళ్లు వచ్చి బతిమాలారు, కొందరు బెదిరించారు. పూజితను వాళ్ల నాన్న నిజామాబాద్ హాస్టల్లో వేశాడు. గేమ్స్ పీరియడ్ చదువుకునే పీరియడ్ అయింది. బెయిలు మీద బయటికి వచ్చిన లింబాద్రికి ఏ బడీ పని ఇవ్వలేదు. హైవే పక్కన మక్కల లారీలు తూచే ధర్మకాంట దగ్గర బండి నంబర్లు రాస్తూ కూర్చున్నాడు. ఇంట్లో జ్యోతిలక్ష్మి అవసరమైనంతే మాట్లాడుతుంది. సెలవు మీద వచ్చిన పాత పిల్లలు ఆ దారిన పోతూ బండి ఆపడం లేదు.

జూలైలో ఒకరోజు కనకవ్వ ధర్మకాంట దగ్గరికి వచ్చింది. పడ్డ జాగ చూపెట్టుమంది. ఇద్దరూ ఆటోలో ఎడంగా కూర్చుని బడికి పోయారు. వాచ్‌మన్ భీమన్న లోపలికి రానివ్వలేదు, నా నౌకరి పోతది సారు అన్నాడు. కాంపౌండు గోడ వెంబడి వెనక్కి నడిచి, గోడ కాస్త తక్కువున్న చోట ఆగారు. కనకవ్వ ఒక రాయి మీదికెక్కి, మునివేళ్ల మీద నిలబడి చూసింది. ఉరకడం ఎక్కడ మొదలుపెట్టారో, నీళ్లడగడానికి నందిని ఎక్కడ ఆగిందో, ఏ స్తంభం దగ్గర పడిందో ఆయన చెప్పుకుంటూ పోయాడు. పడేటప్పుడు ఎటు దిక్కు చూసింది అని ఆమె అడిగింది. నేను చూడలే, వెనక వస్తున్నోళ్లను ఉరకుమని అరుస్తున్న అన్నాడు.

ఆమె రాయి దిగింది. కొంగు ముడిలోంచి ఫోను తీసి నంబరు నొక్కింది. అవతలి నుంచి మగగొంతు పలికాక ఫోను ఆయన చేతికిచ్చింది.

"దాని నాయిన నమ్ముతలేడు. నేనే కథలు జెప్తున్న అంటుండు. నువ్వే చెప్పు."

లింబాద్రి గోడ పక్కన నిలబడి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. లైను కట్టలేదని ఉరికించింది, నీళ్లియ్యంది, కాగితం, సంతకం. అవతల ఎక్కడో యంత్రం తిరుగుతున్న చప్పుడు, మనిషి ఊపిరి. అన్నీ చెప్పడం అయ్యాక కూడా ఆ ఊపిరి చాలాసేపు వినిపించింది. తర్వాత లైను తెగిపోయింది.

కనకవ్వ ఫోను తీసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ ముడిలో పెట్టుకుంది. రోడ్డు మీదికి వెళ్లి, వస్తున్న ఆటోకు చెయ్యెత్తి, ఒక్కతే ఎక్కి పోయింది.