రెండు గుడ్డల నీడ

నీలకు ఒకచోట మనసు నిలవదని కోరుట్లలో తోటి టీచర్లంతా అనేవారు. సర్కారు బడిలో సైన్సు చెప్పే మనిషి. సకల జనుల సమ్మెలో అందరితోపాటు రోడ్డెక్కింది కానీ, నినాదాల నడుమ కూడా ఉత్తర ధ్రువం ముచ్చటే. అక్కడి సముద్రం మీది మంచు సెప్టెంబరు నాటికి ఎంత మిగిలిందో ఏటా ఉపగ్రహాలతో కొలుస్తారట. ఆ ఏడు మరీ తగ్గిందని పేపర్లో చదివినప్పటి నుంచి ఆమెకు అదే రంది.

"మేం తెలంగాణ తెమ్మంటే నువ్వు మంచుగడ్డ తెస్తవేంది నీలా మేడం!" అని నవ్వేవారు. నవ్వరా మరి?

ఆమె తల్లి దుర్గవ్వ సిరిసిల్లలో బీడీలు చేసేది. అక్కడి రిలే దీక్షలో తానూ కూర్చుంటానని ఒక రోజు ఫోన్లో మొండికేసింది. బస్సులు బందు. నీల ఆటోలు మారి మారి మిట్టమధ్యాహ్నానికి చేరింది. శిబిరం కనబడగానే అటు ఉరికింది. తెల్ల షామియానా పైన నిరసనగా పెద్ద నల్లగుడ్డ పరిచారు. దాని కింద దుర్గవ్వ చెమటలో తడిసి, కళ్లు తేలేసి, పక్కకు ఒరిగిపోతోంది.

"ముందు ఆ నల్లగుడ్డ తియ్యిండ్రి!" అని అరిచింది నీల.

శిబిరం నడిపే రాజన్న ఏళ్ల తరబడి సాంచాల మీద బట్ట నేసినవాడు. "రెండు గుడ్డలుంటే నీడ ఎక్కువైతది గద చెల్లె! నల్లగుడ్డ దించుమంటవా? ఎవలి దిక్కు నువ్వు?" అన్నాడు. వెనక నుంచి ఎవరో "ద్రోహి" అన్నారు కూడా. సిరిసిల్లకు బట్ట సంగతి చెప్పబోవడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. నీలకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రాజన్న చెయ్యి పట్టి బల్ల ఎక్కించి, ఆ చేతిని నల్లగుడ్డ మీద పెట్టించింది. తర్వాత అంచున ఎండలోనే ఉన్న తెల్లగుడ్డ మీద పెట్టించింది. నల్లది చురుక్కుమంది, తెల్లది అంత కాలలేదు.

"నల్లది ఎండను మింగుతది, తెల్లది ఎల్లగొడ్తది. ఉత్తర ధ్రువం కాడ సముద్రం మీది మంచు కథ గూడ గిదే అన్నా! తెల్లటి మంచు కరిగితే కింది నల్లటి నీళ్లు బయటపడ్తయి. అవి ఇంకింత ఎండను మింగుతయి, ఇంకింత మంచు కరుగుతది."

రాజన్న బల్ల మీది నుంచే పైకి చెయ్యి చాచాడు. నల్లగుడ్డ లాగేసి, రోడ్డు పక్కన రెండు కర్రలకు నిలువుగా కట్టించాడు.

మొహాన నీళ్లు చల్లి విసిరితే దుర్గవ్వ కాసేపటికి తేరుకుంది. జరిగిందంతా రాజన్న చెబుతుంటే బిడ్డ ఒళ్లో పడుకుని వింది.

"నేను పడిపోతుంటే నువ్వు ఉరికచ్చినవ్ బిడ్డా," అంది చివరికి. "మరి గా మంచు కాడికి ఎవలు ఉరుకుతున్నరు?"

ఇన్నాళ్లూ ఆ ముచ్చట చెప్పిన నీలను ఎవరూ అడగని ప్రశ్న అది. తల్లి చెయ్యి పట్టుకుని నీల అందరి ముందూ ఏడ్చింది.