రెండు మబ్బుల నడుమ తోవ

మా అక్క బిడ్డ ఒక కాగితం రాయాల్సి ఉంది. కోరుట్లలో అక్క వాళ్ల ముందరి అర్రలో మూడు రోజులుగా పెన్ను పట్టుకుని కూర్చుంది, కానీ రాయడం లేదు. విమాన శిక్షణ సంస్థ అడిగిన వాంగ్మూలం అది. ఆ రోజు గాలిలో జరిగింది ఉన్నదున్నట్టు రాసి పంపమన్నారు. ఎన్ని గంటలకు బయలుదేరింది, ఎంత ఎత్తులో ఎగిరింది, ఇంధనం ఎంత ఉంది అనేవన్నీ మొదటి పేజీలో రాసేసింది. రెండో పేజీలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆ వాక్యం రాస్తే ఆమె విమానం నడపడం అంతటితో ముగిసిపోవచ్చు. రాయకపోతే, ఆ రోజు చనిపోయిన తోటి విద్యార్థి తన తొందరపాటు వల్లనే మబ్బులోకి పోయాడన్న మాట కాగితాల మీద ఎప్పటికీ ఉండిపోతుంది.

"రాయకు బిడ్డా" అని మొదట అన్నది నేనే. అట్లా ఎందుకన్నానో చెప్పాలంటే చాలా ఏళ్లు వెనక్కి, రాయికల్‌కు వెళ్లాలి.

రాయికల్‌లో మా అమ్మ బీడీలు చేసేది. మధ్యాహ్నం దాటితే నాలుగిళ్ల ఆడవాళ్లు మా వాకిట్లో చేరేవారు. ఒళ్లో చాటలు, చాటల్లో కత్తిరించిన తునికాకు, తంబాకు. వాళ్ల చేతులకు తీరిక ఉండదు, చెవులకు మాత్రం కావలసినంత తీరిక. నేను పదో తరగతి తప్పి జగిత్యాలలో ఒక దుకాణంలో పనికి కుదిరాను. దుకాణం మూసే మధ్యాహ్నం వేళల్లో గ్రంథాలయంలో కూర్చునేవాణ్ని. సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఆడవాళ్లు ఎదురుచూస్తూ ఉండేవారు.

"ఇయ్యాల ఏం సదివినవ్ పిలగా?"

"గా నిన్నటి తిమింగలం ముచ్చటసొంటిది చెప్పు. గా రాజుల ముచ్చట వద్దు, నిద్రస్తది."

ఒక కట్ట బీడీలు పూర్తయ్యేలోపు ముచ్చట అయిపోవాలి. కట్టకు దారం చుట్టేటప్పుడు అందరూ "అవ్వో" అని నోరు తెరవాలి. నేను చదవడం నేర్చుకున్నది ఆ కొలతతోనే. పుస్తకం తెరిచి ఒక వింత దొరికేదాకా చదివేవాణ్ని. దొరకగానే మూసేసేవాణ్ని. కాలేజీ మెట్టెక్కకుండానే అలమారాలకు అలమారాలు చదివానని చాలామంది దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. వాటిలో ఎన్ని చివరిదాకా చదివావని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

మా బావ కథలాపూర్ దగ్గర కూలికి పోయేవాడు. ఒక ఎండాకాలం అకాల వాన వస్తుంటే వడ్ల కుప్ప మీద పరదా కప్పుతూ పిడుగు పడి చనిపోయాడు. బిడ్డకు అప్పుడు ఏడేళ్లు. అక్క బిడ్డను తీసుకుని కొన్ని నెలలు మా ఇంట్లోనే ఉంది. ఉరిమితే చాలు, ఆ పిల్ల మంచం కిందికి దూరి చెవులు మూసుకునేది. ఎంత పిలిచినా వచ్చేది కాదు.

అట్లా ఉరిమిన ఒక సాయంత్రం నేను కూడా మంచం పక్కన నేల మీద పడుకుని ఆమెకు ఆ వారం చదివిన వింత చెప్పాను. విమానాల మీద పిడుగులు పడుతుంటాయట. పడిన పిడుగు పైరేకు మీదుగా పాకి, తోక దిక్కు నుంచి బయటికి పోతుందట. లోపల కూర్చున్నవాళ్లకు ఏమీ కాదట.

పిల్ల చెవుల మీది నుంచి చేతులు తీసింది. "నిజంగనా మామా?"

"పుస్తకంల ఉన్నది."

"అయితే పైనున్నోళ్లకు ఏం గాదా?"

"పైనున్నోళ్లకు ఏం గాదు బిడ్డా. కిందున్నోళ్లకే."

బీడీలు చేస్తున్న ఒక ముసలమ్మ అందుకుంది: "అయితే ఇంకేంది, అందరం పైకే పోదాం పాండ్రి."

"నువ్వు ఎట్లైనా జల్ది పోయేదానివే ముసలీ, మమ్ములెందుకు తోల్కపోతవ్?" అని ఇంకొకామె అన్నది.

అందరూ నవ్వారు. మంచం కింది నుంచి పిల్ల కూడా నవ్వింది. బావ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. పుస్తకం చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు అదే నా జవాబు అనుకున్నాను ఆ రోజు.

నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అది ఒక అధ్యాయం మాత్రమే. దాని తర్వాత పెద్ద మబ్బు కడుపులో ఏం జరుగుతుందో చెప్పే అధ్యాయం ఉండేది. గీతలు, బాణం గుర్తులు, పట్టికలు. పేజీలు తిప్పి చూసి, ఇది బీడీల వాకిట్లో చెప్పే ముచ్చట కాదనుకున్నాను. నాకు కావలసిన వింత అప్పటికే దొరికింది.

ఆ తర్వాత నేను సిరిసిల్ల వచ్చి మరమగ్గాల మీద పనికి చేరాను. వాటిని మా దగ్గర సాంచాలంటారు. అక్క కోరుట్లలో స్థిరపడింది. పిల్ల చదువులో గట్టిది. ఇంటర్ అయ్యాక విమానం నడపడం నేర్చుకుంటానన్నది. సర్కారు సాయంతో సీటు కూడా వచ్చింది. సాంచాల దగ్గర ఆ మాట తెలిసిన రోజు ఒకడు చాయ తాగుతూ అన్నాడు:

"ఏమే అన్నా, నీ మేనకోడలు విమానం నడుపుతదట గద? మా ఎల్లారెడ్డిపేట బస్సు ఎన్నడు టైముకు అస్తలేదు. జెర దాన్ని గూడ నడుపుమనరాదే."

"ముందుగాల నువ్వు నీ సాంచ సక్కగ నడుపుకోరా" అన్నాను. కోపంగా అన్నానే గానీ లోపల పొంగిపోయాను.

బస్సెక్కే ముందు పిల్ల నా చెయ్యి పట్టుకుని, "నువ్వే చెప్పినవ్ గద మామా, పైనున్నోళ్లకు ఏం గాదని" అన్నది. ఆ మాటను నెల రోజులు కనబడిన ప్రతివాడికీ చెప్పుకు తిరిగాను.

విమానాల గురించి ఇంకా నాలుగు మాటలు చెప్పగలగాలన్న ఆశతోనే సిరిసిల్ల గ్రంథాలయంలో ఒక పుస్తకం వెతికి పట్టాను. ఈసారి చివరిదాకా చదివాను. ఉరుముల మబ్బులో పిడుగు అన్నిటికన్నా చిన్న ప్రమాదం. ఆ మబ్బులో ఒక పక్క గాలి కింది నుంచి పైకి తన్నుతుంది. దాని పక్కనే పై నుంచి కిందికి కుమ్మరిస్తుంది. పెద్ద విమానాలే దానికి దూరంగా తిరిగి పోతాయి. ఇద్దరు కూర్చునే శిక్షణ విమానం మా ఊరి ప్యాసింజర్ ఆటో కంటే పెద్ద బరువేమీ ఉండదు. సాంచా మీద దారం మోసుకుని అటూ ఇటూ పరిగెత్తే నాడె తప్పి ఎగిరిందంటే ఎటు విసిరితే అటే పోతుంది. దాన్ని ఆపేవాడు ఉండడు, దానికి తన ఇష్టమంటూ ఉండదు. ఆ మబ్బులో చిన్న విమానం గతి అంతే. రాళ్ల వాన పడి వడగళ్లు రెక్కలకు సొట్టలు పెడతాయి. రెక్కల మీద మంచు పేరుకుంటుంది. నేల ఏదో నింగి ఏదో నడిపేవారికి తెలియకుండా పోతుంది. రెండు మబ్బుల నడుమ వెలుతురు కనిపించినా ఆ సందులోకి పోవద్దని, చూస్తుండగానే అది మూసుకుంటుందని విడిగా ఒక పేరా రాశారు.

నేను పుస్తకం మూసి బయటికి వచ్చి పిల్లకు ఫోన్ చేసి చదివిందంతా చెప్పాను.

"మామా, మాకు పరీక్షల గిదే అడిగిర్రు" అని నవ్వింది. "ఇరవై మైళ్లు ఎడంగ ఉండాలె. నాకు తెల్వదా?"

తెలుసు కదా అని నాకు నిమ్మళమయింది. తెలిసి ఉండడం వేరు, భయం ఉండడం వేరు అని నాకు ఆనాడు తోచలేదు.

మొన్న మే నెలలో జరిగింది ఇది. ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఒక్కొక్కరే నడుపుకుంటూ దూరం వెళ్లి తిరిగి రావడం శిక్షణలో ఒక భాగం. ఈమె ముందు, పాలమూరు దిక్కు పిల్లవాడొకడు పదిహేను నిమిషాలు వెనక. పోయేటప్పుడు ఆకాశం శుభ్రంగా ఉంది. వచ్చేటప్పుడు కుడి వైపొకటి, ఎడమ వైపొకటి మబ్బులు పెరిగాయి. వాటి నడుమ తెల్లగా వెలుతురు. వెనక్కి మళ్లాలి. ఈమె మళ్లలేదు.

"నాకు భయం కాలే మామా" అన్నది. "అందరికి అయితది గది సూస్తే. నాకు కాలే. అదే తప్పు."

లోపల విమానం ఒకసారి పైకి లేచి, రాయి వేసినట్టు కిందికి పడిందట. తల పైకప్పుకు కొట్టుకుంది. రేకు మీద రాళ్ల చప్పుడు. రెండు నిమిషాలో మూడు నిమిషాలో, అవతలి వెలుతురులో పడింది. దెబ్బ తగిలిన తల తడుముకుంటుండగానే రేడియోలో వెనక పిల్లవాడి గొంతు వినిపించింది, ముందర ఎట్లుందని. ఈమె చెప్పింది: "రెండు మబ్బుల నడుమ తోవున్నది. నేనచ్చిన. కొద్దిగ కుదుపుతది గంతే. రా."

అతను అక్కడికి వచ్చేసరికి తోవ లేదు. విమానాన్ని మర్నాడు పొలాల్లో వెతికి పట్టుకున్నారు.

ఈమె రాయలేక ఆగిపోయింది ఆ "రా" దగ్గరే. టవర్‌కు వినబడనంత దూరంలో చిన్న విమానాలు తమలో తాము మాట్లాడుకున్న మాట అది. ఆ మాట తెలిసినవాళ్లు ఇద్దరే, ఒకరు లేరు. అందుకే రాయకు అన్నాను. ఆమె చదువు కాపాడుదామనే అన్నానని రెండు రోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. నిజానికి ఆ వాక్యం కాగితం మీదికి వస్తే, దాని వెనక మంచం పక్కన పడుకుని నేను చెప్పిన మాట కూడా వస్తుందని భయపడ్డాను. మూడో రోజు ఆమెకు అది కూడా చెప్పేశాను, చదవకుండా తిప్పేసిన పేజీల సంగతితో సహా.

ఆమె నా ముఖం చూడలేదు. "నీ మాట ఇన్న నేను బతికే ఉన్న మామా. నా మాట ఇన్నోడు లేడు. నీదీ నాదీ ఒక్కటి జేయకు" అన్నది.

గడపలో కూర్చుని బీడీలు చేస్తున్న అక్క మా మాటలన్నీ వింటూనే ఉంది. అక్కకు సంతకం తప్ప చదువు రాదు. చాటలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"గా పిలగాని తల్లికి ఏమని చెప్పిర్రట?"

"జల్ది రావాలని మబ్బుల జొచ్చిండని" అన్నది పిల్ల.

అక్క చేతులు ఆగాయి. "అంటే ఆమె ఇప్పుడు కొడుకును తిట్టుకుంట ఏడుస్తాంది."

చాట పక్కన పెట్టి అక్క బిడ్డ దిక్కు తిరిగింది.

"నీ మామ మాట ఇనకు. రాయి బిడ్డా. ఆమెను తిట్టుకోకుంట ఏడ్వనీ."

పిల్ల రాసింది. ఇంగ్లీషులో రాసిన రెండో పేజీని తల్లికి అర్థమయ్యేట్టు మన మాటల్లో చదివి వినిపించింది. "రా" దగ్గర కూడా చదవడం ఆపలేదు. ఇద్దరం బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణానికి పోయి స్కాన్ చేయించి పంపాము. వారం తిరక్కముందే విచారణ ముగిసేదాకా శిక్షణకు రావద్దని జవాబు వచ్చింది. ఎప్పటిదాకా అన్నది అందులో లేదు.

నెల తర్వాత నేను కోరుట్లలో ఉన్న ఒక ఆదివారం పొద్దున పిల్ల ఫోన్ మోగింది. ఆ అబ్బాయి తండ్రి. ఆమె కాగితాన్ని సంస్థ వాళ్లు ఆ ఇంటివాళ్లకు చూపించారట. పిల్ల లేచి నిలబడింది. తిడతాడని, తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉందని ఆమె నిలబడిన తీరు చూస్తే తెలుస్తోంది. ఆయన తిట్టలేదు. గొంతు పెద్దది కావడంతో ఫోన్లోంచి నాకూ వినబడింది.

"రమ్మని నువ్వు చెప్పినంక, మావోడు ఏమన్నడు బిడ్డా?"

పిల్ల ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"థాంక్స్ అన్నడు అంకుల్" అన్నది.

ఆయన ఫోన్ పెట్టేయలేదు, ఈమె కూడా పెట్టేయలేదు.