మేకలు తొక్కిన గడ్డి

గడ్డి మొలిపించడంలో నా పనితనం ఎంతటిదో తెలియాలంటే నా నున్నటి నెత్తి వైపు ఒక్కసారి చూస్తే చాలు. అటువంటి నన్ను పోయిన వారం మా కంపెనీ మస్కట్‌లోని బౌషర్‌లో ఒక విల్లా ముందర పచ్చిక పరచమని పంపింది. పరచడమంటే నిజంగా పరచడమే. చాపలా చుట్టి ఉన్న ప్లాస్టిక్ గడ్డిని విప్పి, అంచులకు జిగురు రాసి, చీపురుతో పోచలు పైకి లేపితే మధ్యాహ్నం అన్నాల వేళకు పని అయిపోయింది. అంతా అయ్యాక పాత అలవాటు కొద్దీ వంగి, తడి ఉందో లేదోనని అరచెయ్యి ఆనించాను. పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. ఎన్నో ఏళ్ల కిందట ఇదే ఒమన్‌లో నిజ్వా ఊరి పైనున్న కొండ మీద నేను పెంచిన అసలు గడ్డి అప్పుడు గుర్తొచ్చింది.

నా ఈడువాళ్లు, నాలాగే జగిత్యాల వైపు నుంచి వచ్చి ఇక్కడ షట్టరింగ్ పని చేసినవాళ్లు ఇది చదువుతుంటే, జూన్ నెల ఎండకు ఇనుప చువ్వ ఎలా కాగుతుందో వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అలాంటి ఒక రోజున సైట్‌లో మా ఫోర్‌మన్, హైదరాబాద్ భాయ్, వ్యవసాయం తెలిసినవాడు ఎవడని అడిగాడు. అడగడం పూర్తి కాకముందే నా చెయ్యి లేచింది. ఐదో తరగతితో బడి మానేసేదాకా ఒక్క ప్రశ్నకూ లేవని చెయ్యి అది. తీరా చూస్తే పని గడ్డి పెంచడం! మా నాయన పొలంలో నా చిన్నతనమంతా గడ్డి పీకడానికే సరిపోయింది, అదీ సరిగా చేతగాక గడ్డితో పాటు వరి పీకి వీపు వాయగొట్టించుకున్నాను. ఆ గడ్డినే పెంచడానికి విమానమెక్కి వచ్చానా అని నవ్వొచ్చింది.

కొండ మీది ఆ ఇల్లు ఒక పెద్దాయనది. వయసులో ఉండగా ఏదో చలిదేశంలో చాలా ఏళ్లు ఉద్యోగం చేశాడట. అక్కడ తన ఇంటి ముందున్నటువంటి పచ్చిక మళ్లీ కళ్ల ముందు ఉండాలని, అంత చలి ఒమన్‌లో ఆ కొండ మీదే దొరుకుతుంది గనుక అక్కడే పెంచాలని ఆయన పట్టు. మస్కట్‌లో ఉండే ఆయన కూతురికి అదంతా నీళ్ల దండుగ. చలికాలం సెలవులకు తాను పిల్లలతో వచ్చేసరికి గడ్డి పచ్చగా లేకపోతే అక్కడ బండలు పరిపిస్తానని, నన్ను తిరిగి సైట్‌కు పంపిస్తానని తేల్చేసింది. ఆమె అరబీలో అన్నది, పెద్దాయన హిందీలో చెప్పాడు, నేను తెలుగులో భయపడ్డాను.

అందుకే ఆయన చెప్పినట్టల్లా చేశాను. చలి ముదరకముందే విత్తనం చల్లాను. మా దగ్గర గడ్డి కోయడమంటే మొదలంటా కోయడమే. ఆయన మాత్రం పైకొసలు తప్ప ముట్టనిచ్చేవాడు కాదు, పెళ్లిచూపులకు వెళ్లేవాడు మీసం సవరించుకున్నంత జాగ్రత్తగా కత్తిరించమనేవాడు. నాలుగు మంచాలు పట్టేంత చోటు నెల తిరిగేసరికి చిలకపచ్చగా నిండింది. పొద్దునా సాయంత్రం దాన్ని చూసుకుని, కొండ కింద కాలే ఇనుమును తలుచుకుని, హాయిగా టీ తాగేవాణ్ణి.

సెలవులకు వారం రోజులుందనగా ఒకనాడు తెల్లవారి లేచి చూస్తే గడ్డంతా తెల్లగా, గరుకుగా ఉంది. మంచు అలా గడ్డకడుతుందని నాకేం తెలుసు? యూరియా చూసిన కళ్లు నావి. ఎవరో యూరియా బస్తా కుమ్మరించిపోయారని, ఎండెక్కితే గడ్డంతా మాడిపోతుందని హడలిపోయాను. కడిగేద్దామంటే పైపులో నీళ్లు కూడా బిగుసుకున్నాయి. వంటింటి బిందెలో ఉన్న నీళ్లు పొయ్యి మీద స్నానానికి కాచుకున్నట్టు కాచి, కంపెనీ బూట్లు టకటకలాడించుకుంటూ ఆ తెలుపంతా తొక్కి, వేడినీళ్లు పోసి మరీ కడిగాను. పెద్దాయన లేచేసరికి మళ్లీ పచ్చగా కనిపిస్తే, గండం గడిచిందనుకున్నాను.

మూడో రోజుకు నీళ్లు పోసిన చోటల్లా చారలు, కాలు పెట్టిన చోటల్లా అడుగులు గోధుమరంగులో తేలాయి. పెద్దాయన చేతికర్రతో వచ్చి నిలబడ్డాడు. నోటికొచ్చిందే చెప్పాను.

"మేకలు, బాబా. పొరుగింటి మేకలు తొక్కినాయి."

ఆయన కర్ర మొనతో ఒక అడుగు చుట్టూ గీశాడు, నా కాళ్ల వంక చూశాడు.

"ఈ మేకకి బూటు సైజు తొమ్మిదా, సదీక్?"

సదీక్ అంటే అరబీలో దోస్తు. దోస్తు దగ్గర ఇక దాచడానికి ఏముంది, యూరియా కథంతా చెప్పేశాను. నవ్వలేక దగ్గుతూ మెట్ల మీద కూలబడ్డాడు. అది ఉత్త మంచేనని, మంచు పట్టిన గడ్డిని తొక్కినా, వేడినీళ్లు పోసినా చస్తుందని అప్పుడు చెప్పాడు. మర్నాటి నుంచి నా డ్యూటీ మారింది. తెల్లారగానే ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని, ఖహ్వా అనే వాళ్ల కాఫీ తాగుతూ, సూర్యుడు కొండ దాటి వచ్చి ఆ తెలుపు కరిగించేదాకా గడ్డిని ముట్టకుండా ఉండడమే పని. ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా సేద్యమేనని నాకు అక్కడే తెలిసింది.

సెలవులకు కూతురు రానే వచ్చింది. మచ్చలు అలాగే ఉన్నాయి. ఎవరు పాడుచేశారని అడిగింది. నా బూట్లు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. పెద్దాయన ఖర్జూరం నములుతూ, అంత పెద్ద మనిషి, కాస్తయినా తడబడకుండా చెప్పాడు: మేకలట. వసంతానికి గడ్డి సర్దుకుంటుందట, అందాకా మేకల్ని తోలడానికి ఈ మనిషి ఉండాల్సిందేనట. ఆమె అడుగుల్నీ చూసింది, నన్నూ చూసింది, తండ్రి మొహం చూసి బండల మాట వదిలేసింది.

అలా నాలుగు చలికాలాలు అక్కడే గడిచాయి. పెద్దాయన పోయాక నేను కిందికి దిగివచ్చాను. ఆ చోట ఇప్పుడు బండలే ఉన్నాయని విన్నాను, చూడడానికి మాత్రం వెళ్లలేదు. ఇవాళ పరిచే గడ్డికి దాహం లేదు, మంచు భయం లేదు, ఎవరు తొక్కినా అడుగు మిగలదు. జిగురు ఆరగానే నా పనీ అయిపోతుంది, పక్కన కూర్చోమనేవాళ్లూ ఉండరు. అయినా గొప్పలకు పోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. మొన్న వీడియో కాల్‌లో మా ఇంటామెకు బౌషర్ పచ్చిక చూపించి, ఇది ఎండదు, వాడదు, పదేళ్లయినా సచ్చుడన్నది ఉండదని మురిసిపోయాను.

ఆమె ఫోన్‌లోకి తేరిపార చూసి అన్నది: "సచ్చుడే లేనిదాన్ని సాదుడేందయ్యా? ఉత్త దుమ్ము దులుపుడే గద!"