నల్లటి తెర, మహిమ టీచరు

మహిమది చెన్నూరు. ఆమె తమ్ముడికి పుట్టుకతోనే వినిపించదు. ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే వాడి పక్కన కూర్చుని ఆ పాటను చేతులతో చెప్పేది. ఆ సైగలు ఎవరూ నేర్పినవి కావు, అక్కాతమ్ముళ్లు కల్పించుకున్నవే. పెద్దయ్యాక సైగల భాషను పద్ధతిగా చదువుకుని, కరీంనగర్‌లో వినికిడి లేని పిల్లల బడిలో టీచరుగా చేరింది.

ఆ పిల్లలకు పాఠమంతా కళ్లతోనే. సైగల వీడియోలు ఫోన్‌లో చూపిస్తే వెనక కూర్చున్నవాళ్లకు వేళ్లు కనపడవు. అందుకే ఒక దాత గోడకు పెద్ద తెర పెట్టించినప్పుడు మహిమ సంబరం ఇంతా అంతా కాదు. తెరకూ, బడిలోని కొత్త ల్యాప్‌టాప్‌కూ టైప్-సి పోర్టులే ఉన్నాయి. తెరతో వచ్చిన కేబుల్ మాత్రం బిగించేవాళ్ల హడావుడిలో ఎక్కడో పోయింది. మహిమ బజారులో పొడవాటి సి కేబుల్ కొనితెచ్చి కలిపింది. ల్యాప్‌టాప్‌కు తెర నుంచి చార్జింగ్ ఎక్కింది కానీ బొమ్మ రాలేదు.

తెరే చెడిపోయిందనీ, వాపసు పంపేద్దామనీ హెడ్మాస్టరు ఉపేందర్‌రావు అన్నాడు.

"జర ఆగుండ్రి సార్. చార్జింగ్ అయితే ఎక్కుతున్నది గదా. నన్ను చూడనియ్యుండ్రి" అంది మహిమ.

పిల్లలు భోజనానికి వెళ్లినప్పుడల్లా ఆమె ఆ తెర ముందే ఉండేది. ఒకరోజు హార్డ్‌డిస్కులోని పాఠాలను అదే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంటే ఎంతకీ తెమలలేదు. విసుగొచ్చి, హార్డ్‌డిస్కుతో వచ్చిన పొట్టి కేబుల్ పెట్టింది. చూస్తుండగానే అయిపోయింది. రెండింటి కొసలూ ఒకేలా ఉన్నాయి, మరి ఇంత తేడా ఎందుకు? ఇంటికెళ్లి వెతికి చదివితే విషయం తెలిసింది. చార్జింగ్ కోసం చేసిన కేబుల్లో కరెంటుకూ, నెమ్మదిగా సాగే డేటాకూ సరిపడా తీగలే ఉంటాయి. బొమ్మను మోసే వేగమైన తీగలు దాంట్లో ఉండవు.

మర్నాడు పొట్టి కేబుల్‌ను తెరకు పెట్టింది. అయినా నలుపే. మహిమ ఉసూరుమంది. కానీ వదల్లేదు. ల్యాప్‌టాప్‌ను తిప్పి తిప్పి చూస్తే, రెండు సి పోర్టుల్లో ఒకదాని పక్కన మాత్రం ఇంగ్లీషు 'డి' అక్షరంలో 'పి' ఇమిడినట్టు చిన్న గుర్తు ఉంది. బొమ్మను బయటికి పంపే పోర్టు అదొక్కటే. కేబుల్‌ను అందులోకి మార్చగానే తెర వెలిగింది.

కేబుల్ పొట్టిది కావడంతో ల్యాప్‌టాప్‌ను తెర దగ్గర ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాల్సి వచ్చేది. అందుకని ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని, మొదటి కేబుల్ కొన్న పరశురాములు దుకాణానికే వెళ్లింది. సి కేబుళ్లన్నీ ఒకటేనని అతను అన్నాడు.

"ఒకటే కాదన్నా. నీ దుకాణంలనే పెట్టి చూద్దాం. బొమ్మ వస్తెనే తీస్కపోత."

పరశురాములుకూ కుతూహలం పుట్టింది. తన మానిటర్‌కు ఒక్కో కేబులే పెట్టి చూశాడు. కొన్ని చార్జింగ్‌తోనే సరిపెట్టుకున్నాయి. పెట్టె మీద వీడియో అని, వేగం ఇంత అని రాసి ఉన్న ఒక పొడవాటి కేబుల్ పెట్టగానే బొమ్మ వచ్చింది. ఆ రోజు నుంచి అతను ఆ రెండు రకాలనూ విడివిడిగా పెడుతున్నాడు.

పెద్ద తెర మీద మొదటి పాఠం నడిచినప్పుడు వెనక వరుస పిల్లలు మెడలు చాచకుండా హాయిగా కూర్చున్నారు. రెండు కేబుళ్లకు తేడా ఏమిటని నవీన అనే అమ్మాయి అడిగితే మహిమ వివరంగా చెప్పింది. నవీన కాసేపు ఆలోచించి, చార్జింగ్ కేబుల్‌కు అన్నం తిన్నట్టు వేళ్లు ముడిచి నోటికి ఆనించింది. బొమ్మ కేబుల్‌కు కళ్ల దగ్గర వేళ్లు విప్పి చూపింది. తరగతంతా ఆ సైగలనే పట్టుకుంది. నమస్తే తప్ప ఇంకో సైగ రాని ఉపేందర్‌రావు కూడా ఆ రెండూ నేర్చుకున్నాడు.

ఇప్పుడు ఆసిఫాబాద్ నుంచి కూడా టీచర్లు మహిమకు ఫోన్ చేస్తుంటారు, తమ తెర వెలగడం లేదని. ఎంత పనిలో ఉన్నా ఆమె ఓపికగా వింటుంది.

"మిషన్ ఖరాబైందనకుండ్రి. ముందుగాల పోర్టు పక్క గుర్తు చూడుండ్రి, ఎన్క కేబుల్ మార్చుండ్రి" అని చెప్పి, తెర వెలిగేదాకా ఫోన్ పెట్టెయ్యదు.