చిన్న ఇయర్‌ఫోన్‌లో గజ్జెల చప్పుడు

కువైట్‌లోని ఫర్వానియాలో నేను పనిచేసే హెడ్‌ఫోన్ల షాపుకి ఈరోజు మా రూమ్‌లో ఉండే రెడ్డెప్పన్న వచ్చాడు. చెవుల మీద పెట్టుకునే పెద్దది మంచిదా, చెవి లోపల పెట్టుకునే చిన్నది మంచిదా తెలియక, రెండూ పెట్టి చూస్తానన్నాడు. వచ్చేవాళ్లంతా పాట పెట్టి చూస్తారు. అన్న మాత్రం ఊరి నుంచి వదిన పంపిన వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"షుఐబా ఫ్యాక్టరీలో మిషన్ల పక్కన పనిచేసి నా చెవులు మొద్దుబారినాయి. నువ్వే ఇని చెప్పబ్బా" అన్నాడు.

వేరేవాళ్ల భార్య మాటలు వినాలంటే నాకు సిగ్గేసింది. అయినా విన్నాను. పెద్దదాంట్లో వదిన గొంతు పక్కనే కూర్చుని మాట్లాడినట్టు నిండుగా ఉంది. చిన్నదాంట్లో ఆ గొంతు వెనక ఇంకేదో వినిపించింది. గజ్జెలు నాలుగుసార్లు మోగి ఆగాయి, దబ్బుమని చప్పుడు, తర్వాత పాప నవ్వు.

"అన్నా, పాప నడుస్తాందా?"

"యాడ? గోడ పట్టుకోని నిలబడతాంది, అంతే."

"నడుస్తాందన్నా. ఇను."

అన్న చిన్నవాటిని వేళ్లతో చెవుల్లోకి నొక్కుకుని కళ్లు మూసుకున్నాడు. పాప పుట్టకముందే ఇక్కడికి వచ్చాడు, ఇంతవరకు ఎత్తుకోలేదు. ఆ ఒక్క ముక్కే మళ్లీ మళ్లీ విన్నాడు.

తర్వాత ముఖం తుడుచుకుని, "మీ వదినకు చెప్పొద్దురా. వీడియోలో చూపించాలని దాచిపెట్టినట్టుంది. ఆ పొద్దు నేను తెలీనోని మాదిరే ఉండాల" అన్నాడు.

వదిన నంబరు నా దగ్గర లేదు, నా స్టేటస్ ఆమెకు కనబడదు, అందుకే ధైర్యంగా ఇక్కడ పెడుతున్నాను. ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఇకమీదట చిన్నదే చూపిస్తాను. మీరైతే ముందు ఎవరి గొంతు పెట్టి చూస్తారు?