గ్రేడరు కోటయ్యకి నేను వేసిన స్టూలు

అది 1997. చిలకలూరిపేటలో బస్సులు ఆగేచోట, ఎస్టీడీ బూతు పక్కనే నాకు లాటరీ టిక్కెట్ల కొట్టు ఉండేది. సింగిల్ నంబర్ లాటరీ ఊరిని ఊపేస్తున్న రోజులు. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదో ఒక అంకె మీద టిక్కెట్టు కొనాలి. డ్రాలో వచ్చిన నంబరు చివరి అంకె అదే అయితే గెలిచినట్టు. డ్రా ఎక్కడో పై రాష్ట్రంలో మధ్యాహ్నం మూడింటికోసారి, రాత్రి ఏడింటికోసారి తీసేవాళ్ళు, ఫలితం మా పక్క బూతుకి ఫోన్లో వచ్చేది. మధ్యాహ్నం మూడింటికి ఆ ఫోను మోగితే చాలు, తాగుతున్న టీ గ్లాసులు చేత్తో పట్టుకుని జనం పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ అరుపులు, ఆ తోపులాట తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. అంత హుషారు మళ్ళీ ఏ వ్యాపారంలోనూ చూడలేదు.

కోటయ్య హైవే పక్కన, పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లులో గ్రేడరు. గ్రేడరంటే, చిటికెడు పత్తి తీసుకుని రెండు చేతుల బొటనవేళ్ళతో లాగి, పింజ పొడవు చూసి, సరుకు ఏ రకమో చెప్పే మనిషి. అతను తలూపితేగానీ లారీలోంచి లోడు దిగేది కాదు. ఆ ఏడు మిల్లుకి పింజ కొలిచే మిషను వచ్చింది. కోటయ్యను గేటు దగ్గర లారీ నంబర్లు రాసే పనిలో వేశారు. జీతం తగ్గించలేదుగానీ, అతన్ని అడిగి చేసే పనంటూ మిల్లులో ఒక్కటీ మిగల్లేదు.

ఒకరోజు పొద్దున గేట్లోకి మొదట వచ్చిన పత్తి లారీ నంబరు చివర ఏడు ఉందట. సరదాకి వచ్చి ఏడు కొన్నాడు. మూడింటికి ఏడే పడింది! మర్నాడు లారీ నంబరు చివర నాలుగు, డ్రాలోనూ నాలుగే! జనం కేకలకి బూతు అద్దాలు అదిరాయి.

"ఒరేయ్, కోటయ్యది మామూలు చెయ్యి కాదురా!" అంటూ ఒక ఆటో డ్రైవరు అతన్ని అమాంతం పైకెత్తేశాడు.

నేను అప్పటికప్పుడు స్టూలు తెప్పించి కొట్టు ముందు వేశాను. "గ్రేడరు గారూ, రేపట్నించీ మూడింటి డ్రాకీ, ఏడింటి డ్రాకీ బోణీ మీదేనండి. మీరు కట్ట ముట్టుకుంటేగానీ నేను ఒక్క టిక్కెట్టు కూడా అమ్మను" అన్నాను.

మర్నాటి నుంచి అతని చుట్టూ గుంపే గుంపు. "ఇవాళ ఏ అంకె గ్రేడరు గారూ? చెప్పండీ!" అని ఒకటే గోల. అతను చెయ్యెత్తి, "ఆగండెహె! తొందరపడితే పింజ తెగుద్ది" అనేవాడు. కాసేపు ఊరించి, "మూడు. కళ్ళు మూసుకుని కొనండి" అనేవాడు. మూడు అంకె కట్టలు క్షణాల్లో ఖాళీ అయ్యేవి.

తర్వాత తప్పటం మొదలైంది. ఏడు కొంటే ఆరు పడేది. "పక్కింటి దాకా వచ్చి వెళ్ళిందండీ లక్ష్మి!" అనేవాణ్ణి. అది పచ్చి అబద్ధం. ఈ ఆటలో ఆరుకీ ఏడుకీ ఏ చుట్టరికమూ లేదు. ఆరు పడ్డా, రెండు పడ్డా పోయింది పోయినట్టే. కానీ ఆ మాట వినగానే కోటయ్య కళ్ళు వెలిగేవి. అంచుదాకా వచ్చి ఓడినవాడే మర్నాడు అందరికంటే ముందు వస్తాడని మా ఏజెంట్లందరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం అతని భార్య రమణమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది.

"ఏమయ్యా, మా ఆయనకి డబ్బు పిచ్చి అనుకుంటున్నావా? గెలిచిన్రోజు మొత్తం తెచ్చి నా చేతిలో పోస్తాడు. నా కుట్టుమిషను అమ్మేసింది నీ స్టూలు మీద కూర్చోటానికి. తీసెయ్ దాన్ని!"

"నేనేమన్నా రమ్మన్నానా అక్కా?"

"రమ్మనకపోతే ఆ 'గారు' ఎందుకు తగిలిస్తున్నావ్? ఇంట్లో నేనే అనను ఆ మాట!"

జనం ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. స్టూలు మాత్రం తీయలేదు.

ఫలితం కోసం కోటయ్య గేటు వదిలి వచ్చిన ఒకరోజు, తనిఖీ లేకుండానే ఒక లారీ పత్తి బేళ్ళతో బయటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మిల్లు మేనేజరు మోటార్ సైకిలు మీద నా దగ్గరికి వచ్చాడు.

"ఇరవయ్యేళ్ళుగా ఉన్న మనిషి. ఓనర్లు తీసెయ్యమంటున్నారు, నాకేమో మనసొప్పటం లేదు. నువ్వు రోజూ చూస్తున్నావు కదా, ఎందుకిలా అయ్యాడు? మళ్ళీ పత్తి చూసే పనిలో వేస్తే ఇక్కడికి రావటం మానేస్తాడంటావా?"

మానేస్తాడు. ఆ సంగతి రమణమ్మ తర్వాత నాకే బాగా తెలుసు.

"దురాశండీ. ఎక్కడ వేసినా మానడు. నేనెంత చెప్పినా వినట్లేదు" అన్నాను.

వారం తిరక్కుండా కోటయ్య పని పోయింది. కుటుంబం మార్టూరు వెళ్ళి రాళ్ళ పాలిష్ యూనిట్లలో కూలికి చేరింది. కొన్నాళ్ళకి ఆ లాటరీలూ ఆగిపోయాయి. అదే కొట్లో నేను సెల్‌ఫోన్ల వ్యాపారం పెట్టుకున్నాను.

2006లో కోటయ్య కూతురు పద్మ రీఛార్జికని వచ్చి, నన్ను గుర్తుపట్టింది. "మా నాన్న ఆశపోతు. ఆయన మూలానే మా బతుకులిలా అయ్యాయి. ఆయనతో మాట్లాడి నాలుగేళ్ళయింది" అంది. లారీ నంబర్లు, స్టూలు, బోణీ, మేనేజరుతో నేనన్న మాట, అన్నీ ఒక్క ఊపున చెప్పేశాను.

జూదగాణ్ణి చూస్తే ఎంత పోగొట్టుకున్నాడని అడుగుతాం. ఇంకెక్కడా దొరకనిది అతనికి అక్కడ ఏం దొరుకుతోందని అడగాలి. అది అందిస్తూ లాభపడుతున్నదెవరో కూడా చూడాలి. కోటయ్య విషయంలో అది నేనే.

అంతా విని పద్మ ఒక్కటే అడిగింది. "మరి ఆరోజు మేనేజరు గారికి ఈ మాటెందుకు చెప్పలేదు బాబాయ్?"

"అప్పటికి ఆరోజు ఏడింటి డ్రా టిక్కెట్లు ఇంకా సగం మిగిలున్నాయమ్మా" అన్నాను.