జాంబియా దాకా వెళ్లిన దస్తీ

మా ఆయనకు ఖాళీ సీటు కనిపిస్తే చేయి ఆగేది కాదు. అది బస్సు సీటు కానీ, పెళ్లి బంతి కానీ, దవాఖాన బల్ల కానీ, మెడలోని దస్తీ, అదే చేతిరుమాలు, తీసి దాని మీద వేయాల్సిందే. ఆయన పోయి ఏడాదిన్నర అవుతోంది. ఇప్పటికీ నిజామాబాద్ బస్సులో సీటు మీద ఎవరిదైనా దస్తీ కనిపిస్తే, ఆ మనిషి ఎవరో ఒకసారి చూసి గానీ నేను ముందుకు కదలను.

బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేయడం మా బాన్సువాడ బస్టాండులో అందరూ చేసేదే. వేసినవాడు తలుపు దగ్గర తోసుకుని ఎక్కి వచ్చేదాకా ఆ సీటు జోలికి ఎవరూ పోరు. అయితే మిగతావాళ్లు ప్రయాణం ఉన్న రోజే వేస్తారు. మా హన్మండ్లుకు ప్రయాణంతో పనిలేదు. ఉల్లిగడ్డలు తెమ్మని పంపితే, బస్టాండు మీదుగా పోతూ నిజామాబాద్ బస్సులో ఒకటి, బోధన్ బస్సులో ఒకటి వేసి, ఆ సీట్లలో ఇద్దరు ముసలమ్మలను కూర్చోబెట్టి, దస్తీలు దులుపుకుని ఇంటికి వచ్చేవాడు. ఉల్లిగడ్డలు మాత్రం వచ్చేవి కావు.

ఒకసారి దస్తీ వేసి, కూర్చోబెట్టడానికి తగిన మనిషి కోసం ఆయన వెతుకుతుండగానే బస్సు కదిలిపోయింది. సాయంత్రం కండక్టర్ రూప్‌సింగ్ దాన్ని నీటుగా మడతపెట్టి మా గడపలోకి తెచ్చాడు. "అక్కా, అన్న దస్తీ పిట్లం పోయి వచ్చింది. టికెట్ గొట్టలే, నువ్వేం ఫికర్ జేయకు" అన్నాడు. అప్పటినుంచి నేను దస్తీలు డజను లెక్కన కొనడం మొదలుపెట్టాను.

ఇంతవరకూ వింటే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. ఆయన భార్యగా నిలబడి చూస్తే తెలిసేది. నిలబడి అని ఊరికే అనలేదు. పెళ్లైన కొత్తలో నిజామాబాద్ ప్రయాణమైతే, నాకోసమే దస్తీ వేశాడు కదా అని మురిసిపోతూ ఎక్కాను. సీటు దగ్గరికి పోయేసరికి సంకలో పిల్లతో ఒకామె కూర్చుని ఉంది. నేను మొహం ముడిస్తే ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఆమె ఎవలో ఏమో, ఏమనుకుంటదో. నువ్వంటే మనదానివి గదనే" అన్నాడు. నిజామాబాద్ దాకా గంటన్నర నిలబడ్డాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు నేను మనదాన్నే. పెళ్లిళ్లలో మూడో బంతికి తిన్నాను. దవాఖానలో జ్వరంతో గోడకు ఆనుకుని ఉన్నాను. మా అమ్మాయి సహజ పెళ్లిలో కన్యాదానం పీట తప్ప నాకు వేరే కుర్చీ దొరకలేదు.

ఆయన పని చక్కెర మిల్లులో. ఉడుకుతున్న చెరుకు రసం సరిగ్గా ఎప్పుడు గింజ కడుతుందో చూసి దింపించడం. వేడి పాకం చుక్క వేళ్ల మధ్య రుద్ది "ఇగ దించుండ్రి" అనేవాడు. ల్యాబులో యంత్రం కాసేపాగి అదే మాట చెప్పేది. ఆ మిల్లు మూతపడింది. రెండేళ్లు ఆ వేళ్లకు పని లేదు. ఒక ఫంక్షన్ హాల్లో కుర్చీలు సర్దే పనికి కుదిరాడు. ఎలుకను తెచ్చి వడ్ల గాదెకు కాపలా పెట్టినట్టయింది. మొదటి పెళ్లికే ముందు రెండు వరుసలనిండా దస్తీలు వేసి ఊళ్లోని ముసలివాళ్లందరినీ కూర్చోబెట్టాడు. మగపెళ్లివారు గోడల వెంబడి నిలబడ్డారు. హాలు యజమాని వచ్చి, "హన్మండ్లూ, పెండ్లికొడుకునన్న కూసోనిస్తవా" అని అడిగి, ఆ సాయంత్రమే పని మాన్పించాడు.

అలాంటి సమయంలో జాంబియా నుంచి భానుప్రసాద్ ఫోన్ చేశాడు. మా దగ్గరి వర్ని ఊరి పిల్లవాడు, ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల మనుమడు. ఇక్కడి మిల్లు ల్యాబులో పనిచేసి, అక్కడొక చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లి అయిదు నెలలయింది. అక్కడ గింజ చూసేవాడు కావాలి, భార్యను కూడా తెచ్చుకోవచ్చు అని చెప్పాడు. రెండేళ్ల తర్వాత మా ఆయన మొహంలో వెలుగు చూశాను.

నాకు మాత్రం వెళ్లాలని లేదు. బాన్సువాడలో నాకు కుట్టుమిషన్ ఉంది. జాకెట్ కొలతలు నోటికి వచ్చిన నలభై మంది ఆడవాళ్లున్నారు. లైబ్రరీలో కార్డు ఉంది. ఆ దేశంలో ఏముంది? ఆయన మిల్లుకు పోతే నేను ఎవరితో మాట్లాడాలి? మూడు రోజులు ఆలోచించి నా షరతు చెప్పాను.

"దిగినాక ఒక్క దినం జూస్త. నచ్చకపోతే నన్ను మల్ల ఇక్కడ దించాలె. నువ్వుంటవా, వస్తవా, అది నీ ఇష్టం."

"సరే" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది.

హైదరాబాద్ విమానాశ్రయంలో సీటు నంబరు ముందే అచ్చువేసి చేతికిచ్చారు. ఆయన ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ఎవరి సీటు వాళ్లకు ముందే రాసిస్తే ఇక మనిషి చేసేదేముందని దిగులుపడ్డాడు. వేచి ఉండే చోట కుర్చీలకు నంబర్లు లేవని తెలిశాక కొంచెం కుదుటపడ్డాడు. దుబాయిలో విమానం మారేటప్పుడు మూడు కుర్చీల మీద మూడు దస్తీలు పరిచి మనుషుల కోసం వెతకబోయాడు. ఊడ్చేవాడు వచ్చి మూడూ తీసి చెత్తబండిలో వేసుకున్నాడు. ఆ అద్దాల మేడలో, గాజులమ్మే దుకాణాల మధ్య, చెత్తబండి వెంట మా ఆయన పరుగెత్తడం, "భయ్యా, సాఫ్ హై, సాఫ్ హై" అని అరవడం నేను చూశాను. రెండు దొరికాయి.

రెండో విమానం ఏడు గంటలు. నాకు కిటికీ పక్క సీటు, నా పక్కన ఆయన, ఆ చివర ఒక ఆఫ్రికా ఆమె. మొదటి విమానం ఎగిరేటప్పుడు ఆయన చేయి పట్టుకుని ఎలాగో బతికాను. ఈసారీ ఆ చేయి ఉందన్న ధైర్యంతో కూర్చున్నాను. ఆ ఆఫ్రికా ఆమెకు నాలుగేళ్ల కూతురుంది. ఆ పిల్లకు సీటు నాలుగు వరుసల వెనక పడింది. ఆమె వెనక్కి తిరిగి చూడటం, పిల్ల ఏడవడం. నేను మా ఆయన మొహం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. పక్కన సీటు అప్పటికే ఖాళీ అయింది.

పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. నాలుగు వరుసల వెనక నుంచి, విమానమంతా వినిపించేలా ఒక గొంతు వచ్చింది. "గంగమణీ, భయపడకు. నేను ఎన్కనే ఉన్న." విమానం ఎగిరేటప్పుడు నేను ఆ నాలుగేళ్ల పిల్ల చేయి పట్టుకున్నాను. దానికి నాకన్నా ధైర్యం ఎక్కువ. నా చేతి మీద రెండుసార్లు తట్టింది కూడా. తర్వాత నారింజ రసం నా చీర మీద పోసి, నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది.

మధ్యలో ఒకసారి వెనక కలకలం వినిపించింది. ఒక ముసలాయన బాత్రూమ్ కోసం నడవలేక నడవలేక వస్తుంటే, ఆ ముసలాయన చేరేలోపు ఇంకెవరూ పోకుండా మా ఆయన బాత్రూమ్ తలుపు పిడికి దస్తీ కట్టాడట. ఆరుగురు మనుషులు, నాలుగు దేశాలవాళ్లు, ఆ దస్తీని చూసి అది ఏదో ప్రమాద సూచన అనుకుని దూరంగా నిలబడ్డారట. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి ఏమిటని అడిగితే, "రిజర్వ్" అన్నాడట. ఆయనకు వచ్చిన ఇంగ్లీషులో ఆ మాట మాత్రం ఎప్పుడూ తప్పుపోలేదు.

లుసాకాలో భానుప్రసాద్ వ్యాను తెచ్చాడు. దారికి రెండు వైపులా చెరుకు తోటలు వచ్చేసరికి మా ఆయన కిటికీలోంచి తల లోపలికి తీయలేదు. నేను కళ్లు మూసుకున్నాను. ఇల్లు చిన్నదే, శుభ్రంగా ఉంది. రెండు గదులు, రెండు మంచాలు, పొయ్యి. కుర్చీ మాత్రం ఒక్కటీ లేదు. ఆయన అటూ ఇటూ చూసి, చేతిలోని దస్తీ మళ్లీ మెడలో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన మిల్లుకు వెళ్లాడు. నేను చూస్తానన్న ఒక్క దినం అదే. పెట్టె తాళం కూడా తీయకుండా గుమ్మం పక్కనే ఉంచాను. పక్కింటామె ఉడికించిన పల్లీలు తెచ్చిచ్చి ఏదో చెప్పింది. నాకు అర్థం కాలేదు. నేను చెప్పింది ఆమెకు అర్థం కాలేదు. ఇద్దరం నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాక ఆమె వెళ్లిపోయింది. తర్వాత ఒకటే నిశ్శబ్దం. బాన్సువాడలో నేను అంతసేపు మాట్లాడకుండా ఉంటే వాడకట్టువాళ్లు డాక్టర్‌ను పిలిచేవాళ్లు. సాయంత్రానికి నా మనసు గట్టిపడింది.

ఆయన నాలుగింటికి వచ్చాడు. వేళ్లకు ఇంకా పాకం జిగట ఉంది. "గింజ మంచిగ గట్టింది గంగా. మేనేజర్ చెయ్యి కలిపిండు" అన్నాడు. ఆ మొహం చూస్తూ చెప్పడం కష్టమే, కానీ చెప్పాను.

"నేను పోత."

ఆయన బతిమాలలేదు. జేబులోంచి ఒక మడత కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. "పో. సీటు ఆపి ఉంచిన" అన్నాడు. కంపెనీ కాగితం. కార్మికుడి కుటుంబంలో ఒకరికి, ఇక్కడికి చేరిన నెలలోపు ఎప్పుడైనా హైదరాబాద్‌కు సీటు ఇస్తామని రాసి ఉంది. దాని మీద తారీఖు మేము బయలుదేరడానికి నెలన్నర ముందుది.

"రాకముందే రాయించినవా?"

"ఒక్క దినం జూస్త అన్నవ్ గదా."

"మరి నీకు?"

"నాకేంది, నేను నిలబడి ఉంట" అని స్నానానికి వెళ్లిపోయాడు.

కాగితం పట్టుకుని నిలబడి ఉండగానే భానుప్రసాద్ ఒక పొట్లంతో వచ్చాడు. నేను వెళ్లిపోవచ్చని పొద్దునే మా ఆయన చెప్పాడట. "వదినగారూ, ఇవి వర్నిలో మా సుజనకు ఇస్తారా" అని పొట్లం విప్పాడు. అరచేయంత చొక్కాలు, వేలెడంత మేజోళ్లు. అతని భార్య సుజనకు వచ్చే నెల పదో తారీఖున కాన్పు. అతనికి ఏడాది నిండలేదు, ఇంకో అయిదు నెలలదాకా ఇంటికి సీటు ఇవ్వరు. ఆ మాటల్లోనే అసలు సంగతి కూడా జారింది. "మీ సీటు కోసం అన్న తన మొదటి సెలవు వదులుకున్నారండీ. రెండేళ్లదాకా ఆయనకు ఇంటికి వెళ్లే దారి లేదు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. ఇరవై రెండేళ్లు ఈ మనిషి ఊరందరికీ సీట్లు వేస్తుంటే, నాకు ఎప్పుడు వేస్తాడా అని చూశాను. చివరికి వేశాడు. తను మాత్రం రెండేళ్లు కదలకుండా ఇక్కడ నిలబడేటట్టు వేశాడు.

పొట్లం మళ్లీ కట్టి, దాని మీద ఆ కాగితం పెట్టి భానుప్రసాద్ చేతికిచ్చాను. "ఇవి నువ్వే కొంచవోయి నీ బిడ్డకు తొడుగు."

"అయ్యో, అది మీ సీటండీ."

"నా సీటే. అందుకే ఇస్తున్న. మీ మేనేజర్‌కు ఫోన్ జెయ్."

అతను ఫోన్ చేశాడు. మనిషి ఎవరైనా తమకు సీటు ఒక్కటే అని మేనేజర్ అన్నాడట. సరిగ్గా అప్పుడే మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి వినగానే ఆయన మొహం ఎర్రబడింది.

"ఎవల్నడిగి ఇచ్చినవే?"

"బస్సుల నా సీటు ఇచ్చేటప్పుడు నన్ను అడిగినవా?"

"గది బస్సు. గిది విమానం. నీకని నేను ఏసింది జిందగీల గిదొక్కటే."

"ఇన్నేండ్లకు ఏస్తే ఏసినవ్, గదీ నన్ను ఎల్లగొట్టేతందుకే ఏసినవ్."

భానుప్రసాద్ కాగితం ఆయనకు ఇవ్వబోతే నేను వద్దన్నాను, జేబులో పెట్టుకోబోతే ఆయన వద్దన్నాడు. సీటు కోసం మా ఆయన గొడవపడటం నేను చూసింది ఆ ఒక్కరోజే. "నువ్వు ఉంటానన్నవా మరి, నోటితోటి చెప్పు" అని ఆయన గట్టిగా అరిచాడు. "ఉంట గానీ, ఒర్రకు" అని నేనూ అంతే గట్టిగా అరిచాను. ఆ తర్వాత అక్కడ ఆరేళ్లు ఉన్నాం. సుజనకు ఆడపిల్ల పుట్టింది, వాళ్ల నాన్న రెండు రోజుల ముందే చేరాడు.

అయితే ఆ సాయంత్రం మా అరుపులకు పక్కింటామె పరుగెత్తుకొచ్చింది. ఎవరైనా కొట్టుకుంటున్నారేమోనని చేతిలో గరిటె కూడా తెచ్చింది. భానుప్రసాద్ ఆమెకు ఇంగ్లీషులో మొత్తం వివరించాడు. ఆమె ఒకసారి ఆయన్ను, ఒకసారి నన్ను చూసి, నవ్వు ఆపుకోలేక గుమ్మం పక్కనున్న మా పెట్టె మీద కూలబడింది. ఆమెకు టీ పెడదామంటే టీపొడి, చక్కెర ఆ పెట్టెలోనే ఉన్నాయి. తాళంచెవి పట్టుకుని, ఆమె నవ్వడం అయ్యేదాకా ఎదురుగా నిలబడ్డాను.